అద్భుత కథ నడిచిన దారి

రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి చిలుకను పట్టుకోవడం, శాపం తగిలిన పిల్ల కుక్కగానో పువ్వుగానో మారిపోవడం, అడవిలో ఎదురైన ముసలమ్మ దారి చూపించడం. ఇలాంటి మాయలు, మహిమలతో నడిచి, చివరికి కష్టపడినవాళ్లు గట్టెక్కే కథలను అద్భుత కథలంటారు. వీటికి ఊరు ఉండదు, కాలం ఉండదు. అనగనగా ఒక రాజు అనగానే ఏ రాజు, ఎప్పటి రాజు అని పిల్లలు కూడా అడగరు. స్థలపురాణం అలా కాదు. ఫలానా కొండ, ఫలానా కోనేరు అని వేలు పెట్టి చూపించి, ఇక్కడే జరిగింది నమ్మమంటుంది. వీరగాథ ఇంకో అడుగు ముందుకేసి మనిషి పేరు, ఊరి పేరు, చంపినవాడి పేరు కూడా చెబుతుంది. పుస్తకాల్లో ఈ మూడింటికీ వేరువేరు అరలున్నా, జనం నోట అవి కలగలిసే తిరుగుతాయి. నల్లమలకు పడమటి అంచున ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ కలయిక స్పష్టంగా కనబడుతుంది. ఇక్కడ కొండకో కథ, రాజాస్థానానికో కథ, ఉరికంబానికో కథ ఉన్నాయి.

అద్భుత కథ వయసు తేల్చడం కష్టం. చేతికి దొరికిన రాతల్లో బాగా పాతవాటిలో ఒకటి ఈజిప్టువారి ఇద్దరు అన్నదమ్ముల కథ. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో పపైరస్ మీద రాసిన ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో తమ్ముడు తన గుండెను తీసి చెట్టు పువ్వు మీద దాచుకుంటాడు. చెట్టు నరికించగానే ఉన్నచోటే కూలిపోతాడు. ప్రాణం ఒంట్లో కాక ఇంకెక్కడో ఉంటుందన్న ఊహ మూడు వేల ఏళ్ల కిందటే కథకు ఎక్కిందన్నమాట. రాతకెక్కక ముందు నోటి మీద ఎన్నాళ్లు బతికిందో లెక్కగట్టడానికి భాషల వంశవృక్షాలను వాడుకున్న పరిశోధకులూ ఉన్నారు. సారా గ్రాసా ద సిల్వా, జంషీద్ తెహ్రానీ 2016లో ఇండో-యూరోపియన్ భాషల కథలను ఇలా పోల్చి చూశారు. దయ్యంతో బేరం పెట్టుకున్న కమ్మరి కథ కంచు యుగం దాకా వెనక్కి వెళ్తుందని వారి అంచనా. తెలుగు ఆ కుటుంబపు భాష కాదు. అయినా ఆ భాషల్లో తిరిగే కథలు తెలుగులోనూ దండిగా ఉన్నాయి. కథ భాష మారినంత తేలిగ్గా మనిషి కూడా మారలేడు.

జర్మనీలో యాకోబ్, విల్‌హెల్మ్ గ్రిమ్ సోదరులు 1812లో ఒకటి, 1815లో ఒకటి, రెండు సంపుటాలుగా ఇంటింటి కథలు అచ్చువేశాక ఇవి ఎక్కడివన్న వాదు ముదిరింది. ప్రాచీన జాతుల పురాణాలు చెదిరిపోగా మిగిలిన ముక్కలే ఈ కథలని ఆ అన్నదమ్ములు నమ్మారు. 1859లో థియోడోర్ బెన్‌ఫే పంచతంత్రాన్ని జర్మన్‌లోకి తెస్తూ, యూరప్ అద్భుత కథల్లో చాలా భాగం భారతదేశం నుంచి వెళ్లినవేనన్నాడు. పంచతంత్రం వరకు ఆయన చూపించిన దారి నిజమే. 6వ శతాబ్దంలో బుర్జో అనే పారశీక వైద్యుడు దాన్ని పహ్లవీ భాషలోకి తీసుకెళ్లాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలో ‘కలీలా వ దిమ్నా’గా రాశాడు. అక్కణ్నుంచి హీబ్రూ, లాటిన్‌ల మీదుగా అది యూరప్ ఇళ్లలోకి చేరింది. అయితే ఒక్క పుస్తకం నడిచిన దారిని కథలన్నిటికీ అంటగట్టడం కుదరదు. ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన సిండ్రెల్లా కథకు 9వ శతాబ్దపు చైనాలోనే అక్క ఉంది. దువాన్ చెంగ్‌షీ రాసిన ఆ కథలో సవతి తల్లి, చేప ఎముకల సాయం, పండగ, జారిపోయిన చెప్పు అన్నీ ఉన్నాయి.

ఎక్కడ పుట్టిందన్న తగవు తెగక, తర్వాతి పండితులు ఎలా నడిచిందన్న వైపు మళ్లారు. ఫిన్లాండ్‌కు చెందిన ఆంటీ ఆర్నె 1910లో కథలను నమూనాలుగా విడదీసి నంబర్లు వేశాడు. అమెరికావాడు స్టిత్ థామ్సన్ 1928లో, మళ్లీ 1961లో ఆ పట్టికను పెంచాడు. 2004లో హాన్స్-యోర్గ్ ఊథర్ దాన్ని తిరగరాశాడు. రష్యాలో వ్లదిమీర్ ప్రాప్ 1928లోనే వేరే పద్ధతి పట్టాడు. పాత్రల పేర్లు పక్కనబెట్టి, అవి చేసే పనులు మాత్రమే చూస్తే రష్యన్ అద్భుత కథలన్నీ 31 మెట్ల మీద నడుస్తాయని చూపించాడు. వద్దన్న పని చేయడం, దుర్మార్గుడు ఎత్తుకుపోవడం, వీరుడు ఇల్లు విడవడం, సాయం దొరకడం, పోరు, తిరిగి రావడం అందులోని కొన్ని మెట్లు.

తెలుగువాళ్లకు ఈ మెట్లు పరీక్షించి చూసుకోవడానికి బాలనాగమ్మ కథ ఉంది. రాజు కూతుళ్లు ఏడుగురిలో చివరిది బాలనాగమ్మ. ఆమె భర్త కార్యవర్ధి రాజు. ఇంట్లో చంటిబిడ్డ బాలవర్ధి ఉండగా మాయల మరాఠీ బిచ్చగాడి వేషంలో వచ్చి, ఆమెను కుక్కగా మార్చి తన వెంట తీసుకుపోతాడు. వ్రతం పేరు చెప్పి ఏళ్ల తరబడి ఆమె వాణ్ని దగ్గరికి రానివ్వదు. విడిపించబోయిన మగవాళ్లు రాళ్లయిపోతారు. పెరిగి పెద్దవాడైన బాలవర్ధి మరాఠీ ఉన్నచోటికి చేరి, పూలమ్మే ముసలమ్మ ఇంట మనవడిగా తలదాచుకుంటాడు. తల్లి తెలివిగా మాటల్లో పెట్టి మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో రాబడుతుంది. ఆ ప్రాణం సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. కొడుకు దాన్ని పట్టి తెచ్చి, ఒక్కో రెక్క, ఒక్కో కాలు విరుస్తుంటే ఇక్కడ మాంత్రికుడి చేతులు, కాళ్లు విరిగిపోతాయి.

1865-66 చలికాలంలో బొంబాయి గవర్నర్ కూతురు మేరీ ఫ్రేర్, తమ ఇంటి ఆయా అన్నా లిబరేటా డిసౌజా నోట కొన్ని కథలు విని రాసుకుంది. 1868లో ‘ఓల్డ్ దక్కన్ డేస్’ పేరుతో అచ్చయిన ఆ పుస్తకంలో మొదటి కథ పంచ్‌కిన్. అందులోనూ రాజుకు ఏడుగురు కూతుళ్లు. చివరి పిల్ల పేరు బల్నా. మాంత్రికుడు ఆమెను నల్లకుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. తోటమాలి భార్య కొడుక్కి ఆసరా ఇస్తుంది. మాంత్రికుడి ప్రాణం అడవి నడుమ ఆరు నీళ్లకుండల కింద పంజరంలోని చిలుకలో ఉంటుంది. అన్నా క్రైస్తవురాలు. ఆ కథలు తనకు అమ్మమ్మ చెప్పినవని ఆమె చెప్పింది. తెలుగు బుర్రకథలో ఏడుపు తెప్పించే బాలనాగమ్మా, బొంబాయి గవర్నర్ బంగళాలో ఆయా చెప్పిన బల్నా ఒక్కరే. రష్యాలో కొష్చెయ్ అనే చావులేని మాంత్రికుడి ప్రాణం సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో దాగి ఉంటుంది. ఎముకల గూడు ఒకటే, కట్టిన బట్టలు మాత్రం ఏ ఊరివి ఆ ఊరివి.

ఆ బట్టలను తేలిగ్గా తీసిపారేయకూడదు. మాంత్రికుణ్ని తెలుగు కథ మరాఠీ అంటుంది, ఫకీరనీ అంటుంది. మరాఠా దండ్లు, నవాబుల సిపాయిలు ఊళ్ల మీదుగా తిరిగిన కాలపు భయం ఆ పేర్లలో మిగిలిపోయిందని అనుకోవడానికి వీలుంది. నంద్యాల 1839 దాకా కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉంది. పక్కనే ఉన్న బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. అదే దారిన పారశీక, ఉర్దూ కథలు కూడా దక్కన్‌లో అల్లుకున్నాయి. తెలుగువాళ్లు తమ సొంతమనుకునే గులేబకావళి పువ్వు కథ 18వ శతాబ్దంలో పారశీకంలో, తర్వాత ఉర్దూలో రాసినది. పరాయివాడంటే భయపడిన నేలే పరాయి కథను మాత్రం పండగలా ఎదుర్కొంది.

ఆళ్లగడ్డకు దగ్గర్లోనే ఉన్న అహోబిలంలో కథ ఇంకో రకంగా ఎదిగింది. హిరణ్యకశిపుణ్ని చీల్చిన నరసింహుడి కథ పురాణాలది. 14వ శతాబ్దంలో ఎర్రన దాన్ని తెలుగులో ‘నృసింహపురాణం’గా రాసి అహోబలస్వామికి అంకితమిచ్చాడు. నల్లమల చెంచులు చెప్పుకునే కథ మాత్రం పురాణం ఆగినచోట మొదలవుతుంది. కోపం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామికి ఒక చెంచు పిల్ల కనబడుతుంది. ఆమె వాళ్లు పిల్లనిస్తామంటారు గానీ ఊరికే ఇవ్వరు. తేనె తీయాలి, గడ్డలు తవ్వాలి, వేటాడి చూపించాలి. దేవుడు కూడా అడవి పనులు నేర్చుకుంటేనే అల్లుడు. అల్లుడికి పరీక్షలు పెట్టే కథలు ప్రపంచమంతా ఉన్నాయి. కొండలు ఎత్తమని, రాక్షసుణ్ని చంపమని అడుగుతారు. చెంచులు అడిగింది తమ రోజువారీ బతుకుతెరువు. పరీక్షలో పెట్టే పనిని చూస్తేనే ఆ కథ ఎవరిదో తెలిసిపోతుంది.

ఈ కథ ఆస్థానాలకు చేరాక వేషం మార్చుకుంది. 16వ శతాబ్దంలో అహోబిల మఠం ఏడవ జీయరు శఠకోప యతి దీన్ని ‘వాసంతికా పరిణయం’ అనే సంస్కృత నాటకంగా రాశారు. అడవి పిల్ల అక్కడ వాసంతిక అయింది, కావ్య నాయికల చెలికత్తెలు, విరహం వచ్చి చేరాయి. అయితే నాటకం వచ్చినంత మాత్రాన అడవి కథ చెరిగిపోలేదు. ఏటా సంక్రాంతి తర్వాత వచ్చే కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీ కదిలేముందు చెంచులు దాని మీదికి బాణాలు వేస్తారు. తర్వాత నలభై రోజులకు పైగా పల్లకీ ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఊళ్లో అరుగు మీద దించి, ఆ ఊరివాళ్లే పూజలు చేసుకుంటారు. స్వామి తన పెళ్లికి రమ్మని స్వయంగా గడపగడపకూ వచ్చి పిలుస్తాడని ఇక్కడివాళ్ల మాట. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు జరిగేటప్పుడు ఆ పిలుపు అందుకున్న ఊళ్లు అహోబిలానికి కదులుతాయి. కథ చెప్పడం ఆగిపోయినా చేయడం ఆగలేదు. ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి లాంటి పేర్లు ఈ ప్రాంతంలో ఇంటికొకటి ఉండడం కూడా ఆ కథ కొనసాగింపే.

ఇదే ప్రాంతంలోని మహానంది గుడి కథ ఇంత ఎదగలేదు. ఆవు రోజూ పుట్ట మీద పాలు కార్చడం, రాజు పొంచి చూడడం, బెదిరిన ఆవు గిట్ట శివలింగం మీద పడడం అందులోని ఘట్టాలు. పుట్ట మీద పాలు కార్చే ఆవు దక్షిణదేశంలో ఎన్నో గుళ్ల కథల్లో ఉంది. మహానందికి సొంతమైంది లింగం మీద చూపించే ఆ గిట్ట గుర్తు.

రాసిన కథల వైపు వస్తే తెలుగు నేలను ఏలిన సాతవాహనుల దగ్గర మొదలుపెట్టాలి. పైశాచీ భాషలో ‘బృహత్కథ’ రాసిన గుణాఢ్యుడు సాతవాహన ఆస్థానంలోనివాడని సంప్రదాయం. మూలం దొరకలేదు. 11వ శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు, సోమదేవుడు సంస్కృతంలో చేసిన రూపాలు మిగిలాయి. బృహత్కథ పుట్టుక గురించి సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’ చెప్పే ఉదంతమే ఒక అద్భుత కథ. పిశాచాల భాషలో, నెత్తురుతో రాసిన కథను రాజు వద్దంటాడు. గుణాఢ్యుడు అడవిలో మంట వేసి, ఒక్కో తాళపత్రం జంతువులకు చదివి వినిపిస్తూ కాల్చేస్తాడు. జంతువులు మేత మాని వింటాయి, బక్కచిక్కుతాయి, రాజు పళ్లెంలో మాంసం ఎండిపోతుంది. కారణం తెలిసి రాజు పరుగెత్తుకొచ్చేసరికి ఏడు లక్షల శ్లోకాల్లో ఒక లక్ష మిగిలి ఉంటుంది. కథ వినడంలో ఆకలి మరిచిపోవడాన్ని ఇంత గట్టిగా చెప్పిన కథ ఇంకొకటి అరుదు.

తెలుగులో 13వ శతాబ్దంలో కేతన ‘దశకుమార చరిత్ర’తో కథాకావ్యం స్థిరపడింది. 15వ శతాబ్దంలో జక్కన విక్రమార్కుడి కథలు, కొరవి గోపరాజు సింహాసనపు బొమ్మల కథలు రాశారు. కథలో కథ, దాంట్లో ఇంకో కథ అనే అల్లికను ఆ తర్వాతి శతాబ్దంలో కొసదాకా తీసుకెళ్లినవాడు పింగళి సూరన. ఆయన ‘కళాపూర్ణోదయం’ అంకితం పుచ్చుకున్నది నంద్యాల కృష్ణమరాజు. ఆరవీటి వంశపు ఆ నంద్యాల ప్రభువు పేరు ఈ రోజు గుర్తున్నది ఆ అంకితం వల్లనే.

కళాపూర్ణోదయంలో అద్భుత కథల సరంజామా అంతా ఉంది. ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలబడి నేనే అసలు రంభనని పోట్లాడుకుంటారు. ఒక వేశ్యను ఎత్తుకుపోయి దేవికి బలివ్వబోతారు. ఆలుమగలు ఆడా మగా తారుమారై, వాళ్లకే కళాపూర్ణుడు పుడతాడు. మణిహారం తగలగానే పసిపిల్ల మధురలాలస నోరువిప్పి పూర్వజన్మ కథంతా చెప్పేస్తుంది. ఇంతకీ ఈ గొడవకంతా మూలం ఒక ఏకాంతం. బ్రహ్మ సరస్వతికి సరదాగా ఒక కథ చెబుతాడు. బ్రహ్మ నోట వచ్చిన మాట కనుక అది భూలోకంలో జరిగి తీరాలి. పాత్రలు తామే ఆ కథలోవాళ్లమని తెలియక కథ కోసం వెతుక్కుంటూ తిరుగుతాయి. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారం’లో ఈ కావ్యాన్ని ఎత్తిపట్టాక చదువుకున్నవాళ్ల చూపు దీని మీద పడింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. పల్లెల్లో తిరిగిన మాయలను తీసుకుని, కథ అంటే ఏమిటని ప్రశ్నించే కావ్యం 16వ శతాబ్దంలోనే ఒక నంద్యాల ప్రభువు పేరు మీద వెలువడడం ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి. చెప్పుకోవలసినంతగా చెప్పుకోవడం లేదు.

నిజంగా జరిగినది కథగా మారే తీరుకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉదాహరణ. పాలెగాళ్ల వంశానికి చెందిన ఆయన 1846లో కుంపిణీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి మూడు దశాబ్దాలు వేలాడదీశారు. ప్రభుత్వ కాగితాలు ఆయన్ను దొంగల నాయకుడన్నాయి. అదే కాలంలో పాటకాళ్లు ఆయన్ను వీరుణ్ని చేశారు. నమ్మకద్రోహం, అడవిలో దాగడం, ఆడవాళ్ల శోకం లాంటివి అద్భుత కథల మెట్లే, అవన్నీ వీరగాథలోకి వచ్చి కూర్చున్నాయి. కాగితాల్లో పేరు మలినమైన మనిషికి పాట న్యాయం చేసింది.

ఈ పాటలు, కథలు మోసినవాళ్లు బుడగ జంగాలు, దాసర్లు, బుర్రకథ దళాలవాళ్లు. రాత్రి పొడుగునా సాగే కథకు గుమ్మెట, తంబూర, వంతపాట తోడు. కళ్లం దగ్గర కాపలా పడుకున్నప్పుడు, పత్తి ఒలిచేటప్పుడు అవ్వలు, జేజులు చెప్పే కథలకు అవేవీ అక్కర్లేదు. అక్కడ ఊకొట్టే పిల్లవాడే వంత.

19వ శతాబ్దంలో అచ్చు వచ్చాక కథలో ఏముండాలో, ఏముండకూడదో తేల్చే పెద్దమనుషులు పుట్టుకొచ్చారు. గ్రిమ్ సోదరులు 1857లో వచ్చిన ఏడవ కూర్పు వరకు కథలను సవరిస్తూనే పోయారు. మొదటి కూర్పులో పిల్లలను అడవికి తోలిన కన్నతల్లి తర్వాత సవతి తల్లి అయింది. రపన్‌జెల్ గర్భవతి అయిన సంగతి మాయమైంది. తెలుగులోనూ అదే జరిగింది. పరవస్తు చిన్నయసూరి 1853లో పంచతంత్రాన్ని ‘నీతిచంద్రిక’గా బడి పుస్తకం చేశాడు, 17వ శతాబ్దంలో పాలవేకరి కదిరీపతి రాసిన ‘శుకసప్తతి’ కథలు పిల్లల గడప తొక్కలేదు. పెద్దల కోసం పుట్టిన కథ పిల్లల సొత్తు కావడం ఇటీవలి సంగతే.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’లో మణిసిద్ధుడు అనే యతి పశువులు కాచే కుర్రవాణ్ని కాశీకి తీసుకుపోతూ మజిలీకొక కథ చెబుతాడు. రాజమండ్రి ప్రచురణకర్తల చౌకబేరం పుస్తకాల్లో బాలనాగమ్మ వంటి కథలు పల్లె తిరనాళ్లకు చేరాయి. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. కొడవటిగంటి కుటుంబరావు మాటల పొదుపు, దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, బొమ్మలు కలిసి తెలుగు పిల్లల ఊహకు ఒక అచ్చు వేశాయి. ఎన్నో భాషల్లో వెలువడిన ఆ పత్రిక 2010ల మొదట్లో ఆగిపోయింది. సినిమా అప్పటికే కథను తనలో కలుపుకుంది. 1942లో జెమినీ ‘బాలనాగమ్మ’, 1943లో ఒకసారి, 1958లో మరోసారి అహోబిలపు చెంచు పిల్ల కథతో ‘చెంచులక్ష్మి’, 1951లో కాశీ మజిలీల నుంచి పుట్టిన ‘పాతాళభైరవి’ అలా వచ్చినవే. పాతాళభైరవి దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రివాడు. ఆ తర్వాత మాయల మరాఠీ అనగానే జనానికి తెర మీది ముఖమే గుర్తొచ్చింది. కథకు ఒక ముఖం స్థిరపడితే వేయి ముఖాలు పోతాయి. అది లాభమా నష్టమా అంటే, నష్టమే ఎక్కువ.

అందుకే ఏరుకొచ్చేవాళ్ల పని విలువైనది. కర్నూలు రచయిత ఎం. హరికిషన్ రాయలసీమ జానపద కథలను ఇక్కడి యాసలోనే పిల్లల కోసం తిరిగి చెప్పి పుస్తకాలుగా తెచ్చారు. అడవిలో దొరికిన రాక్షసుడు సీమ మాటే మాట్లాడతాడు, రాజు సంగటి తింటాడు. పుస్తకాల భాషలోకి తోమి తెల్లబరచని కథల్లోనే ఈ రుచి నిలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. గ్రిమ్ సోదరులు తమకు కథలు చెప్పిన దర్జీ భార్య డొరొతెయా ఫీమన్ పేరు దాచలేదు, ఆమె బొమ్మ కూడా పుస్తకంలో వేశారు. మేరీ ఫ్రేర్ అన్నా డిసౌజా మాటలను ఆమె జీవితకథతో సహా ముందుపెట్టింది. అలీబాబా కథను 1709లో పారిస్‌లో ఆంత్వాన్ గలాన్‌కు చెప్పినవాడు హన్నా దియాబ్ అనే అలెప్పో కుర్రాడని గలాన్ దినచర్య వల్ల తెలిసింది. తెలుగు సంకలనాల్లో కథ దొరుకుతుంది, చెప్పిన అవ్వ పేరు చాలాసార్లు దొరకదు. చెప్పినవాళ్ల పేరు, ఊరు, వయసు, ఏ పని చేసుకుంటూ చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు అనే నాలుగైదు వివరాలు పక్కన రాసుకుంటే, ఆ కథ నల్లమల దాటి ఎటు పోయిందో, ఎటు నుంచి వచ్చిందో తర్వాతివాళ్లు పోల్చుకోగలుగుతారు.